గాజులకు కట్టిన రుమాలు

రేపల్లె,
20-1-1974.

చి. సౌ. బాలసరస్వతికి ఆశీస్సులు.

నువ్వు చదివి పంపిన రెండు కథలూ మొన్న సాయంత్రం అందాయి. రేపల్లె పాసింజరులో టిక్కెట్లు చూసే మోషే క్యాసెట్టు తెచ్చి నా చేతిలో పెట్టి, ఇదేంటి మాస్టారూ అని అడిగాడు. బాపట్లలో మా తమ్ముడి భార్య నాకోసం కథలు చదివి పంపుతోందని చెబితే తనూ వింటానన్నాడు. కూర్చోబెట్టి వినిపించాను. మొదటి కథ సగంలో నిద్రపోయాడు. అది నీ తప్పు కాదు, పగలంతా రైల్లో నిలబడే ఉద్యోగం.

నీటికాసులు వచ్చి నా చూపు పోయి రెండేళ్ళు దాటింది. నా పాత శిష్యులు కలిసి కొనిచ్చిన ఈ టేపు మిషను ఇన్నాళ్ళూ భజనలు మోగించడానికే పనికొచ్చింది. మీ అక్కయ్య శేషారత్నం అప్పుడప్పుడు పత్రిక తీసి చదువుతుంది గాని, ఆవిడ చదివితే కథకన్నా కథ మీద ఆవిడ అభిప్రాయం ఎక్కువగా ఉంటుంది.

ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత పాఠాలు చదివించినవాణ్ణి, తప్పులు చెప్పకుండా ఉండలేను. ఏమీ అనుకోకు. పడవ సరంగు కథ బాగానే చదివావు. కాని ప్రతి వాక్యం చివరా గొంతు దించేస్తున్నావు. ఎవరైనా పక్కగదిలో పడుకుని ఉన్నారేమో అనిపించింది. రెండోది వియ్యపురాళ్ళ కథ. అందులో ఇద్దరూ ఒకే గొంతుతో పోట్లాడుకున్నారు. ఎవరు ఎవరిని అంటున్నారో తెలియలేదు. నాటకంలోలాగా గొంతులు మార్చమనడం లేదు, ఒకరి మాట అయ్యాక ఒక్క క్షణం ఆగు, చాలు. ఇక మధ్యలో రేగుపళ్ళమ్మే ఆవిడ వచ్చింది. ఆవిడకు కథలో ఏదో పని ఉంటుందని చివరిదాకా కాచుకుని కూర్చున్నాను. కథ అయిపోయింది గాని ఆవిడ మళ్ళీ రాలేదు. మీ వీధి మనిషని మీ అక్కయ్య చెప్పేదాకా తట్టలేదు.

గాజుల చప్పుడు మాత్రం భరించలేకపోయాను. పేజీ తిప్పినప్పుడల్లా గలగల. చదివేటప్పుడు తీసి పక్కన పెట్టమని రాస్తానంటే, ముత్తయిదువకు రాయవలసిన మాటేనా అని మీ అక్కయ్య కేకలేసింది. కాబట్టి ఉపాయమేదో నువ్వే చూడు.

అట్టకు గళ్ళు కత్తిరించుకుని, ఆ గళ్ళలో వేలు పెట్టి తడుముకుంటూ రాస్తున్నాను. వరుసలు కలిసిపోతే సర్దుకుని చదువుకో.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. నువ్వు మా ఇంటి కోడలివై పధ్నాలుగేళ్ళయింది. అందులో నాలుగేళ్ళు అందరం ఈ ఇంట్లోనే ఉన్నాం. మన ఇళ్ళ పద్ధతి ప్రకారం బావగారి ఎదుట నువ్వెప్పుడూ పెదవి విప్పలేదు. నీ గొంతు ఎలా ఉంటుందో నాకు మొన్నటిదాకా తెలియదు. బాగుంది.

ఆశీస్సులతో,
వేంకటసుబ్రహ్మణ్యం


బాపట్ల,
3-2-1974.

పూజ్యులైన బావగారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. వరుసలు కలవలేదు. చివరి పేజీలో మాత్రం సిరా అయిపోయింది. కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని పాళీ గీతలను బట్టి చదువుకున్నాను. “బాగుంది” అన్న మాట ఆ గీతల్లోనే దొరికింది.

ఈ పని మొదట మీ తమ్ముడుగారే చేద్దామనుకున్నారు. మా ఇంట్లో మిషను కొన్నదీ ఆయనే. అరపేజీ చదివి ఆవలించారు. ఆ ఆవలింత కూడా రికార్డయింది. అది విని, ఇది నా వల్ల కాదు, నువ్వు చదువు అన్నారు. ఇప్పుడు ఆయన పని మోతే. తెనాలి ఆఫీసుకి రోజూ రైల్లో వెళ్తారు కదా, అక్కడ మోషే గారికి క్యాసెట్టు అందిస్తారు, స్టేషన్లో నాకు వారపత్రికలు కొంటారు.

మా దగ్గరున్నవి రెండే క్యాసెట్లు. ఒకటి మీ దగ్గరుంటే ఒకటి నా దగ్గర. మీరు విని పంపినదాని మీదే కొత్త కథ చదువుతాను, పాతది చెరిగిపోతుంది. అందుకని నచ్చిన కథ ఉంటే పంపేముందే మళ్ళీ వినండి.

గాజులకు ఆయన చేతిరుమాలు చుట్టి ముడివేశాను. ఎడమచేతికి కట్టుకోవడం తేలికే, కుడిచేతికి మా చిన్నాడు కట్టాడు. కట్టి, అమ్మకు దెబ్బ తగిలిందని వీధిలో చెప్పి వచ్చాడు. ఇద్దరు చూడ్డానికి వచ్చారు. ఇప్పుడు తలుపూ కిటికీ మూసి చదువుతున్నాను.

కథ చివర నా మాటగా నాలుగు ముక్కలు చెప్పమని మీ తమ్ముడుగారు అంటారు. కథంటే ఎవరో రాసింది, చదవగలను. నా సొంత మాటలు మీ ఎదుట నాకు రావు. అందుకే ఈ ఉత్తరం. దీన్ని మీకు అక్కయ్య చదివి వినిపిస్తారు. అక్కయ్యా, దయచేసి మధ్యలో మీ అభిప్రాయాలు కలపకండి.

నమస్కారములతో,
బాలసరస్వతి


రేపల్లె,
10-3-1974.

చి. సౌ. బాలసరస్వతికి ఆశీస్సులు.

మీ అక్కయ్య అభిప్రాయాలు కలపలేదు. చదవడమైన తర్వాత విడిగా చెప్పింది.

ఇప్పటికి ఎనిమిది కథలు విన్నాను. వాక్యం చివర గొంతు దించడం పోయింది. గాజులు వినపడటం లేదు. తలుపులు మూశావు కాబట్టి నీ గొంతు కొంచెం డబ్బాలోంచి వచ్చినట్టుంది, కిటికీ ఒక రెక్క తెరువు. కాఫీ తాగి వెంటనే చదవకు, గుటకలు వినపడుతున్నాయి. దుఃఖం వచ్చే చోట నువ్వు తొందరపడతావు. ఆసుపత్రి కథలో ముసలాయన పోయాడని నాకు తెలిసేలోపు నువ్వు దహనం దాకా వెళ్ళిపోయావు. కథలో అయినా మనిషి పోయినప్పుడు కాసేపు ఆగాలి.

తూనికలు నేర్చుకునే పిల్ల కథ చాలా బాగుంది. వెనక్కి పంపేముందు నాలుగుసార్లు విన్నాను. ఆ పిల్ల రెండుసార్లు తప్పు చెప్పాక మూడోసారి కొట్టువాడు విడమరచి చెప్తాడే, అక్కడ నువ్వు చదవలేదు, పిల్లకు నిజంగా నేర్పావు. ఆ పిల్లకు అర్థమైన క్షణం నాకు వినపడింది. మా బడిలో అలా చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే ఉండేవారు, వారిలో నేను లేను. హెడ్మాస్టరుగా చేసినవాడి మాటగా తీసుకో. నువ్వు టీచరువి కావలసినదానివి. ఇంట్లో ఇంతమందిమి ఉండీ ఆ ఆలోచన ఎవరికీ రాకపోవడం విచిత్రం.

తర్వాతి క్యాసెట్టు కోసం చూస్తుంటాను. చూస్తుంటాను అనే రాస్తున్నాను, అలవాటు.

ఆశీస్సులతో,
వేంకటసుబ్రహ్మణ్యం


బాపట్ల,
24-3-1974.

బావగారికి నమస్కారములు.

క్యాసెట్టు పంపుతున్నాను. ఇందులో ఒక్క కథే ఉంది. మీ సూచనలు గమనించాను.

పిల్లల పరీక్షలు దగ్గరపడ్డాయి. అవి కాగానే తెనాలిలో మా అమ్మగారింటికి వెళ్తాను. అక్కడ మిషను లేదు. కనుక కొంతకాలం కథలు పంపడానికి వీలుపడదు.

అక్కయ్యకు నమస్కారములు.

బాలసరస్వతి


రేపల్లె,
28-4-1974.

చి. సౌ. బాలసరస్వతికి ఆశీస్సులు.

ఈ ఉత్తరం తెనాలి చిరునామాకు రాస్తున్నాను.

నెల రోజులుగా ఒకే కథ వింటున్నాను. అది నువ్వు చదివినట్టు లేదు. రైలు వేళలు చదివినట్టుంది. తప్పు ఒక్కటీ లేదు, అందువల్లే అనుమానం వచ్చింది. నా చివరి ఉత్తరంలో ఏదో రాసి ఉంటానని, అదేంటో చెప్పమని మీ అక్కయ్యను అడిగాను. రెండు రోజులు మాట దాటవేసింది. మూడో రోజు చెప్పింది.

నువ్వు పెళ్ళికి ముందే టీచరు ట్రైనింగు ప్యాసయ్యావు. 1962లో నగరం గ్రామం బోర్డు స్కూల్లో నీకు ఉద్యోగం ఇస్తూ ఆర్డరు వచ్చింది. వద్దన్నది నేను. ఆ సంగతి పూర్తిగా మరిచిపోయి, నువ్వు టీచరువి కావలసింది, ఎవరికీ తట్టలేదే అని నీకే రాశాను. అది రాసిన చేతిని ఏమనాలో తెలియడం లేదు.

మీ అక్కయ్య చెప్పగా చెప్పగా ఆ పూట నాకూ గుర్తుకొచ్చింది. నాకు గుర్తున్నంత వరకు రాస్తాను. నేను ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఆర్డరు పైకి చదివాను. నగరం రోజూ బస్సులో వెళ్ళి రావడం, చంటిపిల్లాడు, ఇవన్నీ చెప్పి వద్దనుకుంటున్నానన్నాను. నిన్ను అడగకుండా తేల్చలేదు. అమ్మాయి ఏమంటుందో కనుక్కో అని మీ అక్కయ్యతో అన్నాను. నువ్వు తలుపు వెనక ఉన్నావు. గాజులు చప్పుడయ్యాయి. మన ఇళ్ళలో ఆడవాళ్ళు సరేననడం అంతే కదా. ఒప్పుకున్నావనుకున్నాను. కాగితం మడిచేశాను.

ఇప్పుడు ఇంకోటి వచ్చింది. మీ ఆయన భాస్కరం ఈ వారం ఉత్తరం రాశాడు. మీ వీధి చివర బడి నడిపే రిబ్కా గారు, నువ్వు అరుగు మీద పిల్లలకు చదువు చెప్పడం చూసి, జూన్ నుంచి తన బడిలో రెండో తరగతికి చెప్పడానికి రమ్మన్నారట. “నీ మాట ఏంటి అన్నయ్యా, నువ్వెలా అంటే అలా చేద్దాం” అని అడిగాడు. ఇంకా జవాబు రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నువ్వు బడికి వెళ్తే నాకు కథలు ఎవరు చదువుతారని మొదట అనిపించింది. రోజులో నాకు వెలుతురుండేది ఆ గంటే.

ఆ రోజు గాజుల చప్పుడుకు నేను అనుకున్న అర్థం సరైనదేనా? ఇది తెలిస్తే గాని భాస్కరానికి రాయలేను.

ఆశీస్సులతో,
వేంకటసుబ్రహ్మణ్యం


తెనాలి,
19-5-1974.

బావగారికి నమస్కారములు.

మీ ఉత్తరం చేరి చాలా రోజులైంది. రైళ్ళ సమ్మె మూలంగా ఆలస్యమైందని రాయవచ్చు, కాని అది నిజం కాదు. ఉత్తరం సమ్మెకు ముందే వచ్చింది. జవాబు నాలుగుసార్లు రాసి చింపేశాను.

చింపడానికి కారణం ఒక్కటే. నేను ఏం రాసినా అక్కయ్య చదివి వినిపించాలి. అక్కయ్య మీద నాకే కోపమూ లేదు, ఈ మాట కూడా ఆవిడ చదువుతూనే ఉన్నారు. కాని ఆ రోజు కూడా నా మాట అక్కయ్య నోటితోనే మీ దగ్గరికి రావాలి. అందుకే రాలేదు. ఈసారి కూడా అలాగే పంపడం నాకు ఇష్టం లేదు.

సమ్మె అయ్యాక బాపట్ల వెళ్తాను. అక్కడి నుంచి జవాబు పంపుతాను. అప్పటిదాకా మీ తమ్ముడుగారికి అవుననీ కాదనీ ఏదీ రాయకండి. బడి జూన్ పదిహేడున తెరుస్తారు. ఆలోగా చెప్పకపోతే వేరే ఆవిడను తీసుకుంటానని రిబ్కా గారు చెప్పారు.

నమస్కారములతో,
బాలసరస్వతి


బాపట్ల,
4-6-1974.
(క్యాసెట్టు, మొదటి వైపు)

బావగారూ, నమస్కారమండి. ఇది కథ కాదండి. చేతిలో కాగితం లేదు. తడబడితే మళ్ళీ వెనక్కి తిప్పి మొదలుపెట్టను, ఎలా వస్తే అలా చెప్తాను. ఇప్పటికే రెండుసార్లు తిప్పాను లెండి.

మీరడిగిన దానికి జవాబు, కాదండి. నేను ఒప్పుకోలేదు.

ఆ రోజు మీరు ముందుగదిలో ఆర్డరు చదివారు. ఇంగ్లీషులో చదివారు. నాకు అర్థమైంది. అక్కయ్య గుమ్మంలో నిలబడ్డారు, నేను ఆవిడ వెనక. చంకలో పిల్లాడున్నాడు. మీరు అమ్మాయి ఏమంటుందని అడిగారు. అది నిజమేనండి, అడిగారు. అడగలేదని నేనెప్పుడూ అనుకోలేదు. అక్కయ్య ఇంకా నా వైపు తిరగలేదు. ఆవిడ భుజం పట్టుకుని, వెళ్తానని చెప్పండి అక్కయ్యా అందామని చెయ్యెత్తాను. గాజులు చప్పుడయ్యాయి. “సరే, ఒప్పుకుంది” అన్నారు మీరు. నా చెయ్యి ఇంకా కిందికి దిగలేదండి. మీరు కాగితం మడిచి పంచాంగంలో పెట్టేశారు.

తర్వాత చెప్పొచ్చు కదా అంటారు. ఎవరికి చెప్పాలండి? మీ తమ్ముడుగారికి చెప్పాను. అన్నయ్య ఒకసారి సరేనన్నాక మళ్ళీ ఎలా అడగను అన్నారు. అక్కయ్య చెప్తానన్నారు గాని, ఆ పూట మీకు జ్వరం. తర్వాత వారం నగరంలో వేరేవాళ్ళు చేరిపోయారు. ఉగాదికి కొత్త పంచాంగం వచ్చినప్పుడు పాతది అటక మీద పడేశారు. నేను ఎక్కి ఆ ఆర్డరు తీసుకున్నాను. ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

మీ మీద కోపం ఉండేదండి. చాలా ఉండేది. మీకు చూపు పోయిందని తెలిసిన రోజు ఏడ్చాను, అయినా కోపం పోలేదు. రెండూ ఉంటాయని అప్పుడు తెలిసింది. కథలు చదువుతుంటే కొంచెం కొంచెం మర్చిపోయాను. మీరు తప్పులు పట్టుకుంటూ రాస్తుంటే బాగుండేది. ఇన్నేళ్ళలో నా మాట అంత జాగ్రత్తగా విన్నవాళ్ళు లేరండి. మళ్ళీ అప్పుడే, ఆ ఆలోచన ఎవరికీ రాకపోవడం విచిత్రమని రాశారు. ఆ ఉత్తరం చదివి అన్నం పొయ్యి మీద మాడ్చేశాను.

ఇదిగోండి, ఇప్పుడు చప్పుడైంది. ఇవి ఆ గాజులు కావు గాని, చెయ్యి అదే. రుమాలు కట్టలేదు, కావాలనే. దీనికి అర్థం మీరు చూసుకోనక్కర్లేదు, నేనే చెప్తాను. రిబ్కా గారి బడికి నేను వెళ్తాను. మీరు వద్దని రాస్తే ఆయన వద్దంటారు. అప్పుడు నేనేం చేస్తానో నాకూ తెలీదు. కాని ఒప్పుకుందని మాత్రం ఈసారి అనుకోకండి.

అంతేనండి. కథలు మానను. వారానికి ఒకటి ఆదివారం చదువుతాను. ఇక ఉంటానండి. అక్కయ్య పక్కనుంటే, అక్కయ్యా, మీరేం బాధపడకండి.

ఎక్కడ ఆపాలో… ఆ, ఇదే.


రేపల్లె,
11-6-1974.

చి. సౌ. బాలసరస్వతికి ఆశీస్సులు.

క్యాసెట్టు శనివారం అందింది. మోషే తానూ వింటానన్నాడు. ఇది కథ కాదేమో, ముందు నన్ను విననీ అని పంపేశాను. మీ అక్కయ్యను మాత్రం ఉండమన్నాను. ఆవిడ మొదటిసారి ఏ అభిప్రాయమూ చెప్పకుండా విన్నది. అయిపోయాక లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు.

అలవాటు ప్రకారం నా సూచనలు రాస్తున్నాను. మొదట్లో కొంచెం వేగంగా మాట్లాడావు. పంచాంగం దగ్గర సర్దుకున్నావు. దుఃఖం వచ్చే చోట తొందరపడతావని ఇదివరకు రాశాను, ఈసారి ఆగావు. చెయ్యెత్తానన్న తర్వాత ఎంతసేపు ఆగావో అక్కడ నేను తెలుసుకోవలసినదంతా ఉంది. పేజీ తిప్పిన చప్పుడు ఎక్కడా లేదు. నువ్వు ఇప్పటిదాకా పంపినవాటిలో ఇదే అన్నిటికన్నా బాగుంది. వినడానికి ఇదే అన్నిటికన్నా కష్టంగా ఉంది.

తప్పు నాది. చూపున్న రోజుల్లో నేను తలుపు వైపు ఒక్కసారి చూసి ఉంటే నీ చెయ్యి కనపడేది. చూడటం మర్యాద కాదని గోడకేసి తిరిగి కూర్చున్నాను. చప్పుడు విని, నాకు వీలైన అర్థం వేసుకున్నాను. పన్నెండేళ్ళు ఆ అర్థంతో హాయిగా ఉన్నాను. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు. నువ్వు చెప్పింది విన్నానని తెలియడానికి రాస్తున్నాను.

భాస్కరానికి ఇందాకే కార్డు వేయించాను. అందులో ఏముందో నీకు తెలియాలి కాబట్టి మక్కీకి మక్కీ చెబుతున్నాను. “ఈ సంగతి నన్ను అడగవద్దు. అడగవలసిన మనిషి మీ ఇంట్లోనే ఉంది, ఆమె మాట్లాడగలదు, నేను విన్నాను.” రిబ్కా గారికి నువ్వే వెళ్ళి చెప్పు. మీ ఆయన్ని పంపకు.

ఆ క్యాసెట్టు మాత్రం వెనక్కి పంపను. దాని మీద మరో కథ పడటానికి వీల్లేదు. ఇక మన మధ్య తిరిగేది ఒక్కటే క్యాసెట్టు, కథలు సగమవుతాయి. సగం చాలు. ఎలాగూ నీకు తీరిక ఉండదు.

మరొక్క సూచన. రెండో తరగతి పిల్లలు బోర్డు వైపు చూడరు, టీచరు గొంతు ఎటు వస్తే అటు చూస్తారు. పాఠం చెప్పేటప్పుడు గాజులకు రుమాలు కట్టకు.

ఆశీస్సులతో,
వేంకటసుబ్రహ్మణ్యం